గోడ మీది టైంటేబుల్ తీసేశాక

2021 జూన్‌లో మా పెద్దవాడిని బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకోవాలని నిర్ణయించుకున్నప్పుడు నేను మొట్టమొదట చేసిన పని కావలి బజారుకు వెళ్ళి ఒక తెల్ల చార్టు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొనుక్కురావడం. ఆ రాత్రి స్కేలు పెట్టి గడులు గీశాను. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు ఆరు పీరియడ్లు, పీరియడుకు నలభై నిమిషాలు, రెండు పీరియడ్లకొకసారి పది నిమిషాల విరామం అని రాసి చార్టును హాల్లో గోడకు అంటించాను. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ఏడేళ్ళు ప్రైవేటు బళ్ళలో లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి టైంటేబుల్ వేయడం నాకు కొత్త కాదు. లెక్కలు పొద్దున పెట్టాలని, అన్నాలు తిన్న తర్వాతి పీరియడులో పిల్లలకు కునుకు వస్తుందని, శనివారం చివరి పీరియడును ఆటలకు వదలాలని నాకు బాగా తెలుసు. అప్పటికి వాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. అంత తెలిసి వేసిన ఆ చార్టు మూడు వారాలు కూడా గోడ మీద నిలవలేదు.

ఈ నాలుగేళ్ళలో ఇంటి చదువు గురించి నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది అడిగిన మొదటి ప్రశ్న "మీ టైంటేబుల్ ఒకసారి చూపిస్తారా?" అన్నదే. చూపించడానికి నా దగ్గర టైంటేబుల్ లేదని చెబితే వాళ్ళ ముఖంలో అనుమానం కనిపిస్తుంది; ఆదివారం రాత్రి గంటన్నర సేపు కూర్చుని వారానికి ప్రణాళిక రాస్తానని చెబితే ఆ అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో వివరంగా చెప్పాలన్న ఉద్దేశంతోనే ఇది రాస్తున్నాను. నేను నమ్మేది ఇది: ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు బడి టైంటేబుల్‌ను ఇంటికి తెచ్చుకోకూడదు, అలాగని ప్రణాళిక లేకుండా ఉండనూ కూడదు. రోజును గడియారాన్ని బట్టి కాక పనుల వరసను బట్టి, వారాన్ని పోయిన వారం నిజంగా జరిగినదాన్ని బట్టి, ఏడాదిని మన ఊరి ఎండావానలను బట్టి కట్టుకోవాలి.

ముందు ఆ చార్టు సంగతి చెప్పాలి. తొమ్మిదిన్నరకు లెక్కలు అని అందులో ఉంటుంది. తొమ్మిది ఇరవైకి గ్యాస్ బండ వస్తుంది, లేదా మా అత్తమ్మ బీపీ మాత్రలు అయిపోయాయని గుర్తుకొస్తుంది, లేదా చిన్నది పాలగ్లాసు ఒలకబోస్తుంది. ఇల్లంటే ఇవే కాబట్టి వీటిని అడ్డంకులు అనడానికి లేదు. కానీ గోడ మీది గడికి ఇవేవీ పట్టవు. తొమ్మిదిన్నర పది అయ్యేసరికి లెక్కల్లో ముప్పై నిమిషాలు తగ్గుతాయి, తగ్గినదాన్ని సాయంత్రం పూడ్చాలనుకుంటాను, సాయంత్రం ఎవరో బంధువులు వస్తారు, అది రేపటికి పోతుంది. మూడో వారం శుక్రవారం సాయంత్రం వాడు తీసివేతలు చేస్తూ చేస్తూ పెన్సిలు పక్కన పెట్టి, నా ముఖంలోకి చూసి, "అమ్మా, నేను ఇంకా ఎన్ని పీరియడ్లు బాకీ?" అని అడిగాడు. ఆ వారంలో జరగని పీరియడ్లను నేను చార్టు కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసి లెక్కపెడుతున్న సంగతి వాడు గమనిస్తూనే ఉన్నాడు. అప్పటికి పదకొండు గీతలు ఉన్నాయి. ఏడేళ్ళ పిల్లవాడి నోట చదువు గురించి బాకీ అన్న మాట విన్న రాత్రే చార్టును గోడ మీద నుంచి తీసేశాను.

వాడిని ఏ బడి నుంచి తీసుకొచ్చానో ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. రెండో తరగతి పిల్లవాడికి రాత్రి తొమ్మిది దాకా హోంవర్కు ఉండేది, వారం వారం ర్యాంకులు ఉండేవి, వాడు ఇంటికి వచ్చి ప్రశ్నలు అడగడం మానేశాడు. ఆ ఒత్తిడి వద్దనుకుని ఇంటికి తెచ్చుకున్న నేనే, మూడు వారాల్లో అదే ఒత్తిడిని నాలుగు రంగుల పెన్నులతో హాల్లో గోడ మీద మళ్ళీ రాసి పెట్టాను. నాకు బాధ కలిగించింది అదే.

అసలు పీరియడ్ అన్నది ఎందుకు ఉందో అప్పుడు నిదానంగా ఆలోచించాను. ఒక తరగతిలో నలభై మంది పిల్లలు ఉంటారు. ఆరు సబ్జెక్టులకు ఐదారుగురు టీచర్లు ఉంటారు, ఆ టీచర్లే మిగతా తరగతులకూ వెళ్ళాలి, ఒకరు లేచి వెళ్తే తప్ప ఇంకొకరు లోపలికి రాలేరు. గంట కొట్టేది అందుకే. అది టీచర్లను తరగతులకు పంచడానికి చేసుకున్న ఏర్పాటు. బడికి అది తప్పదు, అందులో బడి తప్పూ లేదు. కానీ ఒకే టీచరు, ఇద్దరే పిల్లలు ఉన్న ఇంట్లో ఆ పంపకం అవసరమే లేదు.

గంటల లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలన్న భయం ఇంటి చదువు మొదలుపెట్టిన ప్రతి తల్లినీ పట్టుకుంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి చివర ఒక షెడ్యూలు ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 220 పనిదినాలు, 1000 గంటలు ఉండాలని అందులో రాశారు. అంటే చిన్న తరగతులకు రోజుకు నాలుగు గంటలు, పెద్ద తరగతులకు నాలుగున్నర గంటలు. ప్రాథమిక స్థాయిలో ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు అన్నది కూడా ఆ చట్టం పెట్టుకున్న కొలతే. నేను చెప్పిన తరగతుల్లో నలభై రెండు మంది ఉండేవాళ్ళు. హాజరు తీసుకుని, హోంవర్కు నోట్లు చూసి, వెనక బెంచీల్లో గొడవ సర్దేసరికి నలభై నిమిషాల్లో పాఠానికి మిగిలేది సగమే. ఒక్కొక్క పిల్లవాడి వైపు తిరిగి, వాడు ఎక్కడ తప్పాడో చూడడానికి ఒక నిమిషం కూడా దొరికేది కాదు. ఇంట్లో ఆ నిమిషాలన్నీ వాడివే. అందుకే ప్రాథమిక తరగతుల వయసులో నేను పక్కన కూర్చుని చేయించే పని రోజుకు రెండు, రెండున్నర గంటలు ఉంటే సరిపోయిందని నా అనుభవంతో చెప్పగలను. ఆ మాట నమ్మడానికి నాకే ఏడాది పట్టింది.

ఆ షెడ్యూలులోనే నన్ను ఆపి మళ్ళీ చదివించిన ఇంకో వాక్యం ఉంది. టీచరుకు వారానికి కనీసం 45 పని గంటలు, తయారీకి పట్టే సమయాన్ని కూడా కలుపుకుని. పాఠానికి ముందు కూర్చుని తయారు కావడం కూడా పనే అని చట్టమే ఒప్పుకుంది. ఇంటి దగ్గర చెప్పే తల్లి మాత్రం తయారీని పనిగా లెక్కించదు; అంట్లు తోమి, పిల్లలు పడుకున్నాక, కళ్ళు మూతలు పడుతుంటే పుస్తకం తెరుస్తుంది. ఇంట్లో చదువు కుంటుపడే చోటు చాలాసార్లు అదే. ఆదివారం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలను, వంటింటిని మా ఆయనకు అప్పజెప్పి నేను లోపలి గదిలో కూర్చుంటాను. ఈ ఏర్పాటు గురించి ఇంట్లో మొదట్లో మాటలు పడ్డాయి. కానీ ఆ గంటన్నర లేకపోతే వారమంతా రోజూ గంట చొప్పున తడుముకోవలసి వస్తుందని రెండు నెలల్లో అందరికీ అర్థమైంది.

ఇప్పుడు వరస సంగతి. మా ఇంట్లో లెక్కలు తొమ్మిదిన్నరకు మొదలు కావు, టిఫిన్ అయ్యాక మొదలవుతాయి. టిఫిన్ ఎనిమిదిన్నరకు అయినా తొమ్మిదిన్నరకు అయినా దాని తర్వాత వచ్చేది లెక్కలే. లెక్కల తర్వాత బయటికి వెళ్ళి ఒక తిరుగుడు, తిరిగొచ్చాక తెలుగు చదవడం, ఆ తర్వాత రాత. అన్నాలయ్యాక పెద్దవాడికి సైన్సు గానీ సోషల్ గానీ ఒక్కటే. సాయంత్రం అవ్వ టీ తాగేటప్పుడు చిన్నది పేపరు చదివి వినిపిస్తుంది. ప్రతి పనికీ దాని ముందు పనే గంట. గ్యాస్ బండ వస్తే వరస మొత్తం అరగంట కిందికి జరుగుతుంది తప్ప ఏదీ తెగిపోదు, ఏదీ బాకీ పడదు. వరస మధ్యలో ఆగిపోయిన రోజు ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసి, మరునాడు మళ్ళీ మొదటి నుంచే మొదలుపెడతాం. అందువల్ల వరసలో ముందున్న పనులు దాదాపు ప్రతిరోజూ జరుగుతాయి, చివరివి అప్పుడప్పుడు తప్పుతాయి. కాబట్టి ఏది ముందు పెట్టాలన్నదే ఇంటి చదువులో అసలు నిర్ణయం. నేను లెక్కలను, తెలుగు చదవడాన్ని ముందు పెట్టాను, ఎందుకంటే ఈ రెండింటిలో రోజువారీ సాధన తెగితే పునాది కదులుతుంది. సైన్సు, సోషల్ వారంలో ఒక రోజు తప్పినా మరో రోజు రెట్టింపు చేసి చెప్పుకోవచ్చు.

పిల్లలు ఇద్దరైతే వరస కట్టడం ఇంకొంచెం కష్టం. నేను చాలాకాలం పాటు ఏ సబ్జెక్టు ఎప్పుడు అని ఆలోచించాను. ఆలోచించవలసింది నా చేతులు ఎవరికి ఎప్పుడు ఖాళీ అన్న సంగతి. ప్రతి పిల్లవాడి పనినీ నేను రెండు రకాలుగా విడదీస్తాను: నేను పక్కన ఉంటేనే జరిగే తోడు పని, నేను లేకుండా జరిగే సొంత పని. కొత్త లెక్క నేర్పడం తోడు పని, నేర్చిన లెక్కలు పది చేయడం సొంత పని. చిన్నదానికి ఒత్తులు పలికించడం తోడు పని, రాసిన పదాలకు బొమ్మలు వేయడం సొంత పని. ఒకరి తోడు పని ఇంకొకరి సొంత పనికి ఎదురుగా పడేటట్టు చూసుకుంటే పొద్దున పూట సాఫీగా సాగుతుంది. ఇద్దరికీ ఒకేసారి నా తోడు కావలసి వచ్చిన రోజు మాత్రం ఇల్లంతా అరుపులే. ఆదివారం రాత్రి నేను రాసేదాంట్లో సగం ఈ ఎదురెదురు కుదురుబాటే.

చిన్నదాని పేపరు చదువు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మా అత్తమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నేను చార్టు అంటించిన రోజున, "పిల్లకాయల్ని బడికి పంపకుండా ఇంట్లో పెట్టుకుంటే రేపు నలుగురికీ ఏం చెప్తావమ్మా?" అని భయపడ్డ మనిషి ఆమే. ఇప్పుడు సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, మనవరాలు శీర్షికలు చదువుతుంటే వింటుంది. చిన్నది "రాష్ట్ర" అన్న చోట ఆగిపోతే ఆమె అందించదు. "ష కింద ఏముందో చూడు, దాని కింద ఇంకా ఏముందో చూడు" అంటుంది. నేనైతే ఆ ఓపిక పట్టలేక మాట అందించేస్తాను. అందుకే ప్రణాళికలో ఆ పని పక్కన నా పేరు ఉండదు, అవ్వ పేరు ఉంటుంది.

ఆదివారం పుస్తకం ఒక మామూలు రెండు వందల పేజీల గీతల నోటు పుస్తకమే. తెరిచిన రెండు పుటల్లో ఎడమ వైపు ఆ వారం చేద్దామనుకున్నవి రాస్తాను. కుడి వైపు ఖాళీగా వదిలి, ఏ రోజుకారోజు నిజంగా జరిగింది రెండు మూడు వాక్యాల్లో రాస్తాను. మొదటి ఆరు నెలలు కుడి పుట చూస్తే దిగులేసేది. ఎడమ వైపు పన్నెండు పనులు ఉంటే కుడి వైపు ఏడు ఉండేవి, మరుసటి వారం పదమూడు ఉంటే ఆరు. నేను కుడి పుటను సిగ్గుపడవలసిన పుటగా చూసినన్నాళ్ళూ నాకు బుద్ధి రాలేదు. ఒకరోజు వెనక్కి తిప్పి వరసగా లెక్కపెడితే, ఇరవై నాలుగు వారాల్లో దాదాపు ప్రతి వారమూ ఆరు, ఏడు, ఎనిమిది పనులే జరిగాయని తేలింది. మా ఇంటి సత్తువ అంత. దానికి తగ్గట్టు ఎడమ పుట రాసుకోవాలి కానీ, ఎడమ పుటను చూసి ఇంటిని తిట్టుకోకూడదు. ఆ వారం నుంచి ఏడు పనులే రాయడం మొదలుపెట్టాను. వారంలో నాలుగు రోజులకే పని రాసి శుక్రవారాన్ని ఖాళీగా వదిలేశాను. మిగిలినవి ఏవైనా ఉంటే శుక్రవారం అందుకుంటాయి, ఏమీ మిగలకపోతే ఆ రోజు పిల్లలది.

ప్రణాళికే వద్దని వాదించేవాళ్ళు కూడా ఉన్నారు. పిల్లలకు ఆసక్తి కలిగినప్పుడు వాళ్ళే నేర్చుకుంటారని, మనం దారిలో అడ్డం లేకపోతే చాలని అంటారు. ఆ మాటలోని ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ నేను ఒప్పుకోను. 2022 వేసవి తర్వాత రెండు నెలలు మేమూ అలాగే గడిపాం. వాడు కప్పలను చూశాడు, సైకిలు విప్పి బిగించాడు, చాలా నేర్చుకున్నాడు. భాగహారం మాత్రం మర్చిపోయాడు, పదమూడో ఎక్కం మర్చిపోయాడు. ఎక్కాలు, ఒత్తులు, ఇంగ్లీషు స్పెల్లింగులు ఆసక్తి పుట్టినప్పుడు వచ్చేవి కావు, రోజూ కాస్త కాస్త చేస్తేనే నిలిచేవి. ఇంకో కష్టం కూడా ఆ రెండు నెలల్లో కనిపించింది. ముందే అనుకున్నది ఏదీ లేనప్పుడు ప్రతి పొద్దునా ప్రతి పని దగ్గరా బేరం మొదలవుతుంది. ఇప్పుడు చేయాలా, తర్వాత చేయనా, ఎన్ని చేయాలి? ఆ బేరాలకు పిల్లలూ అలిసిపోతారు, తల్లీ అలిసిపోతుంది. వరస ఉన్న ఇంట్లో ఆ బేరం ఉండదు, ఎందుకంటే టిఫిన్ తర్వాత లెక్కలు అన్నది అమ్మ కోపంతోనో సంతోషంతోనో సంబంధం లేని విషయం.

జీవితంలోంచి నేర్చుకోవడం అన్నది కూడా ప్రణాళిక లేకుండా జరగదని నాకు తెలిసింది మా ఆయన కొట్లో. మాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. పెద్దవాడికి దశాంశాలు ఎంత చెప్పినా తలకెక్కలేదు. 0.25, 0.5 అని రాసి చూపిస్తే చుక్క తర్వాత ఉన్నవి వేరే అంకెలని అనుకుని, 0.25 పెద్దదా 0.5 పెద్దదా అంటే 0.25 అనేవాడు. ఇల్లు వైరింగుకు వాడే తీగ చుట్ట తొంభై మీటర్లు ఉంటుంది. కొందరు చుట్ట మొత్తం కొంటారు, కొందరికి మీటర్ల లెక్కన కోసి ఇవ్వాలి. దశాంశాల పాఠం ఎప్పుడొస్తుందో పుస్తకంలో చూసుకుని వారం ముందే మా ఆయనతో, ఒక చుట్ట విప్పి దాని లెక్కంతా వాడికే వదలమని చెప్పాను. నాలుగు మధ్యాహ్నాలు వాడు కౌంటరు పక్కన కూర్చున్నాడు. ఒకరికి పన్నెండున్నర మీటర్లు, ఒకరికి ఎనిమిది, ఇంకొకరికి పదిహేడుంపావు. కొట్లో అందరూ అనేది పావు, అర, ముప్పావు. వాడు రాసుకోవలసింది 12.50, 8.00, 17.25. కూడితే 37.75, చుట్టలో మిగలవలసింది 52.25 మీటర్లు. నాలుగో రోజు చుట్టలో మిగిలిన తీగను మీటరు కర్ర పెట్టి కొలిస్తే వాడి కాగితం మీది లెక్కకు అరమీటరు తేడా వచ్చింది. కోసేటప్పుడు ప్రతిసారీ కాస్త జారవిడిచి కోస్తారని, ఆ తేడా అదేనని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ తర్వాత వాడు 0.25ను 0.5 కంటే పెద్దదని ఎప్పుడూ అనలేదు. పిల్లవాడు కొట్లో తనంతట తానే లెక్కలు నేర్చుకున్నాడని చూసినవాళ్ళు అనుకుంటారు. ఆ పాఠం ఎడమ పుటలో రాసి, మనిషితో ముందే మాట్లాడి, చుట్ట పక్కన పెట్టించి, నాలుగు మధ్యాహ్నాల సైన్సు వదులుకుంటేనే జరిగింది.

మాకు దగ్గరలోనే, కలిగిరి మండలంలో, దూబగుంట ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు పగలంతా కూలిపనికి వెళ్ళే ఆడవాళ్ళు రాత్రి పూట పలకలు పట్టుకుని చదువుకున్నారు. వాళ్ళ వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ పాఠంగా ఉంది. అది చదివిన ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు, ఆ ఉద్యమం జిల్లా దాటి పాకింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఈ కథను అందరూ మద్యనిషేధ చరిత్రగా చెబుతారు. చదువు చెప్పే మనిషిగా నేను అందులో ఇంకొకటి చూస్తాను. తరగతి వేళను నేర్చుకునేవాళ్ళ పనిని బట్టి రాత్రికి పెట్టారు, పాఠాన్ని వాళ్ళ ఇంటి కష్టం నుంచి తీసుకున్నారు, ఆ రెండింటినీ ఎవరో ముందుగా కూర్చుని ఆలోచించి రాశారు.

ఏడాది ప్రణాళిక దగ్గరికి వస్తే నా అభిప్రాయం ఇంకా గట్టిది. మన రాష్ట్రంలో బళ్ళు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరిచి ఏప్రిల్ చివర్లో మూస్తారు. ఇంటి చదువుకు ఆ తేదీలు వర్తించవు, కానీ ఎండా వానా వర్తిస్తాయి. పాఠ్యపుస్తకం వర్షాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలు అని చెబుతుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన పిల్లవాడికి జూన్ అంటే ఇంకా చెమటే. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది. అందుకే వాతావరణం పాఠాన్ని పుస్తకంలో ఎక్కడ ఉన్నా నేను నవంబరుకు జరుపుతాను. మొదటి ఏడాది వాడు మూతి సన్నగా ఉన్న సీసా ఒకటి మిద్దె మీద పెట్టి వాన కొలవబోయాడు. మూతి సన్నం, పొట్ట వెడల్పు అయితే నీటి ఎత్తు వాన ఎత్తు కాదని రెండు వానలకు వాడికే తెలిసింది. నిలువు గోడల స్టీలు డబ్బా పెట్టాడు. ఒక రాత్రి వానకు డబ్బాలో 42 మిల్లీమీటర్లు నిలిచాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. మా మిద్దె తొమ్మిది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. 63ను 42తో గుణించి 2646 లీటర్లు అని రాసి, మిద్దె మీద ఉన్న వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు వైపు చాలాసేపు చూశాడు. ఒక్క రాత్రిలో అలాంటివి రెండున్నర ట్యాంకుల నీళ్ళు గొట్టం గుండా వీధిలోకి పోయాయి. ఈ పాఠాన్ని జూలైలో చెప్పి ఉంటే అది పుస్తకంలోని బొమ్మే అయ్యేది.

వానాకాలం ప్రణాళికను తీసుకుపోతుంది కూడా. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడి పైకి వెళ్ళి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ వారం కుడి పుటలో "తుపాను, కరెంటు లేదు, పిల్లలు భద్రం" అని తప్ప ఏమీ లేదు. అది తెలిసినదే కాబట్టి నవంబరు, డిసెంబరు నెలల్లో ఎడమ పుటలో ఐదు పనులే రాస్తాను. మే నెలలో ఎండ ముదిరాక మధ్యాహ్నం చదువు మానేసి, వరసను పొద్దున ఆరింటికి జరుపుతాం, తొమ్మిదికల్లా పుస్తకాలు మూసేస్తాం. దాని వల్ల వేసవిలో చదువు పూర్తిగా ఆగిపోదు, జూన్‌లో మర్చిపోయినదాన్ని తవ్వుకునే పనీ ఉండదు.

పండుగలను నేను సెలవులుగానే కాక పాఠాలుగా కూడా రాస్తాను. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు మా అత్తమ్మ వెళ్ళి, చదువు బాగా రావాలని కోరుకుంటూ అందుకునే చదువు రొట్టె పట్టుకుంది. మనవళ్ళ చదువు మీద ఆమెకున్న దిగులు అలా తీర్చుకుంది. ఆ పండుగ మొహర్రం నెలలో వస్తుంది. వాడిని మొహర్రం పదో రోజు తేదీలు పాత క్యాలెండర్లలో వెతకమన్నాను: 2022లో ఆగస్టు 9, 2023లో జూలై 29, 2024లో జూలై 17. ఏడాదికి పదకొండు పన్నెండు రోజులు వెనక్కి జరుగుతోంది, చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి. మరి ఉగాది కూడా చాంద్రమానమే కదా, అది ఎందుకు అలా జరిగిపోదు అని వాడే అడిగాడు. ఉగాది 2022లో ఏప్రిల్ 2, 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9. వెనక్కి పదకొండు రోజులు వెళ్ళి, ముందుకు పద్దెనిమిది రోజులు దూకింది. మధ్యలో 2023లో వచ్చిన అధిక శ్రావణం గురించి, అంటే పండుగలు ఋతువులను దాటి జరిగిపోకుండా అదనంగా కలిపే నెల గురించి, అవ్వ చెప్పింది. ఆ వారం ఎడమ పుటలో నేను రాసుకున్నది తీసివేతల అభ్యాసం. కుడి పుటలో రాసింది అధికమాసం.

చట్టం గురించి అడిగేవాళ్ళకు క్లుప్తంగా చెబుతాను. విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, దానికి శిక్ష ఏదీ రాయలేదు; ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. పరీక్షకు దారి మాత్రం ఉంది. 14 ఏళ్ళు నిండిన పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాయవచ్చు. పుస్తకాలకు నేను రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలనే వాడతాను. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో అదే విషయం ఇంగ్లీషులో ఉండడం ఇంటి చదువుకు గొప్ప వసతి; వాడు ముందు తెలుగు పుట చదివి విషయం అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పుటలో ఆ మాటలను వెతుక్కుంటాడు.

ఇది అందరికీ సాధ్యమని నేను అనను. నేను ఉద్యోగం మానేశాను, ఆ జీతం లేకుండా ఇల్లు నడుస్తోంది కాబట్టే ఇది నడుస్తోంది. ఇద్దరూ పనికి వెళ్తే తప్ప గడవని ఇంటికి మంచి సర్కారు బడే దిక్కు, ఆ బడి బాగుండాలని కోరుకోవడం నా బాధ్యత కూడా. తోటిపిల్లల సంగతిలో మా ఏర్పాటు ఇంకా బలహీనంగానే ఉంది. సాయంత్రం రెండు గంటలు మైదానంలో ఆడుకుంటారు, అయినా పెద్దవాడికి తన ఈడు వాళ్ళతో కలిసి ఒక పని పూర్తి చేసే అవకాశం తక్కువ. దీన్ని నేను ఏ ప్రణాళికతోనూ ఇంకా సరిచేయలేకపోయాను.

పెద్దవాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. 2028లో వాడికి పద్నాలుగు నిండుతాయి, అప్పటికి పదో తరగతి పరీక్షకు ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే, సైన్సు ప్రయోగాలు చూపించే మనిషిని వచ్చే ఏడాదే వెతకాలి, ఇంగ్లీషులో పేరాగ్రాఫు రాయడం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఈ సంగతులన్నీ వాడిని కూర్చోబెట్టి చెప్పి, పోయిన నెల నుంచి వాడి ఎడమ పుట వాడినే రాసుకోమన్నాను. మొదటి ఆదివారం వాడు ఒక్కడికే పది పనులు రాసుకున్నాడు. ఎక్కువని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ శుక్రవారానికి కుడి పుటలో ఐదు ఉన్నాయి. మరుసటి ఆదివారం ఎనిమిది రాశాడు, ఐదు జరిగాయి. ఈ ఆదివారం నేను లోపలి గదిలో కూర్చున్నప్పుడు వాడు నా పక్కకు వచ్చి, పాత పుటలు రెండూ తిప్పి చూసి, ఆరు రాశాడు, శుక్రవారం ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశాడు.